గుమ్మంలో దించిన గంప

బరంపురంలో రక్తపరీక్షల సెంటరు నడిపే ఆ పెద్దమనిషి "ఏడువేల అయిదువందలు" అన్నప్పుడు, పదిహేను రోజులకు చెప్తున్నాడనుకున్నాను. మనసులోనే రెండింతలు చేసుకుని, ఫరవాలేదులే అనుకున్నాను. నవ్వుమొహం కూడా పెట్టాను.

"నెలకు," అన్నాడాయన నా నవ్వు చూసి. "ఆదివారం సగంపూట రావాలి. ఆర్నెల్లయ్యాక పెంచే సంగతి చూద్దాం."

ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "సార్, నేను బీయస్సీ ల్యాబ్ టెక్నాలజీ," అన్నాను. నా సర్టిఫికెట్లు ఆయన చేతిలోనే ఉన్నాయి.

"తెలుసమ్మా. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళంతా అదే. మా దగ్గర గదులు తుడిచే ఆవిడకి తొమ్మిదివేలిస్తున్నాం. ఆవిడ మానేస్తే ఇంకో మనిషి దొరకదు. మీరు దొరుకుతారు."

ఎంత మర్యాదగా అన్నాడో! తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టేదాన్ని. నాకు నోరు తక్కువేం కాదు. కానీ కాయితాలు తీసుకుని బయటికొచ్చేశాను.

హల్దియాపదర్ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక ఫోనులో బ్యాంకు మెసేజి చూశాను. నా చదువు అప్పుకు ఇచ్చిన గడువు అయిపోయిందట. వచ్చే అయిదో తారీఖు నుంచి కిస్తీ. నెలకు ఏడువేల ఆరువందల తొంభై అయిదు.

మళ్ళీ చదివాను. నేను తిండి మానేసి, సోనేపూర్ నుంచి బరంపురం దాకా నడిచొచ్చి, జీతమంతా పైసా ముట్టుకోకుండా బ్యాంకులో పోసినా ఇంకా నూట తొంభై అయిదు రూపాయలు తక్కువ. తీసుకున్నది నాలుగు లక్షల ఇరవైవేలు. ఇప్పుడున్నది అయిదు లక్షల యాభై ఎనిమిదివేలు. నేను కాలేజీలో చదువుతున్నన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని వడ్డీ కూడా చదువుకుందన్నమాట. నాకంటే బాగా పాసయింది.

జూన్ నెల ఎండలో, బరంపురం బస్టాండులో, చలేసింది నాకు.

మాది సోనేపూర్‌లో సముద్రం వారనున్న తెలుగువాళ్ళ పేట. మా తాతల నాటి నుంచీ చేపల వేటే. ఇంట్లో ఒరియా సగం, తెలుగు సగం. మా అయ్య సోములుకు ఒక ఫైబర్ బోటుంది. మా అమ్మ కాసమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. నన్ను సీతాలంటారు, మా నాయనమ్మ పేరు. పేటలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ రోజు బస్సు దిగి ఇంటికొస్తుంటే దారి పొడుగునా "ఉద్దోగం అయిపోనాదేటే?" అని అడిగారు. నేను తల ఎటు ఊపానో నాకే తెలీదు.

ఇంటి దగ్గర అయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన పక్కన పోతయ్య షావుకారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునున్నాడు.

పోతయ్య గురించి చెప్పకపోతే మా బతుకు అర్థం కాదు. మా బోటు కొన్నప్పుడు ఆయన అడ్వాన్సు ఇచ్చాడు. ఆ అడ్వాన్సుకు కిస్తీలుండవు, తారీఖులుండవు. బోటు ఎన్నాళ్ళు తిరిగితే అన్నాళ్ళు పడిన చేపంతా ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే. చేప పడలేదా, అడగడు. గవర్నమెంటు వేట బందు పెట్టిన నెలల్లో మొహం కూడా చూపించడు. దోపిడీయే, కాదనను. కానీ అందులో ఇంకో వైపు కూడా ఉంది. అడ్వాన్సు ఇచ్చినవాడు సరుకు ఎత్తి తీరాలి. ఊరంతా కవ్వళ్ళు అనే చిన్నచేపలు కుప్పలు పడి కాకులు కూడా ముట్టుకోని రోజున కూడా, మా బోటు చేప ఆయన ఎత్తాల్సిందే. ఎత్తనంటే పేట ఆడాళ్ళు ఊరుకోరు. గంప తీసుకెళ్ళి షావుకారు గుమ్మంలో దించి, పక్కనే కూర్చుంటారు. తిట్టరు, అరవరు. ఎండలో చేప కంపు కొడుతుంటే షావుకారింట్లో అన్నం సహించదు. ఆయనొచ్చి గంపకు చెయ్యేసేదాకా లేవరు. దాన్ని మావాళ్ళు గంప దించడమంటారు. గంప దించించుకున్న షావుకారు మొహం నలుగురిలో నల్లబడినట్టే.

అలాంటి పోతయ్యే నా చదువు అప్పుకు హామీ సంతకం పెట్టాడు. ఊరికే పెట్టలేదు. నేను కట్టకపోతే బోటు ఆయనదని అయ్యతో నోటిమాట అనిపించుకున్నాడు. బ్యాంకు మెసేజి ఆయనకూ వెళ్ళింది.

"కంగారేటి లేదు సోములూ," అంటున్నాడు పోతయ్య. "గుంటకి ఉద్దోగం ఒచ్చెస్తాది. అది కట్టెస్తాది. కట్టలేదనుకో, నా బోటుమీద నువ్వే కలాసీగా ఎలుదువు. నానేటి పరాయోడినా?"

తన బోటు మీద తనే కూలీ! అయ్య వల మీంచి తలెత్తలేదు. సూది మాత్రం ఆగిపోయింది.

పోతయ్య వెళ్ళాక, అమ్మ అంగట్లోంచి వచ్చాక, జీతమెంతో చెప్పాను. అమ్మ గంప దించబోతూ అలాగే నెత్తిన ఉంచుకుని నిలబడిపోయింది.

"ఎంత?"

మళ్ళీ చెప్పాను.

"రోజుకా?"

"నెలకమ్మా, నెలకు!"

"ఓలమ్మో!" అంది అమ్మ, నేల మీద చతికిలబడి. "నాను గంపెత్తుకుంటే ఒస్తాది గదే అంత! సదవకుండానే ఒస్తాది గదే!"

అయ్య బీడీ వెలిగించుకుని పడవల వైపు నడిచాడు. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు పటపటా కొరుక్కున్నాను. నాలుగేళ్ళు. అందులో కరోనా పేరు చెప్పి ఒకటిన్నరేళ్ళు ఇంట్లోనే, ఇసకలో సిగ్నలెక్కడ దొరుకుతుందా అని తిరుగుతూ ఫోనులో మైక్రోస్కోపు చూసిన చదువు. ఫీజు మాత్రం పూర్తిగా లాగారు.

అమ్మ కాసేపటికి తేరుకుంది. తేరుకున్నదంటే భయపడాలి, ఆమెకేదో తట్టిందన్నమాట.

"ఆ కాలేజీ డైరెక్టరు ఏటన్నాడు? తిత్లీ తుఫానొచ్చిన మరుసటేడు, టెంటేసి, కూల్‌డ్రింకులిచ్చి, ఏటన్నాడు?"

"నూటికి నూరు మందికి ఉద్యోగమన్నాడు."

"మరైతే ఆడేడి? అడ్వాన్సు ఇచ్చినోడు సరుకు ఎత్తాలా ఒద్దా?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అమ్మ నాలుగేళ్ళుగా ఏమనుకుంటోందంటే, నా చదువు డబ్బు ఆ కాలేజీ పెట్టిన అడ్వాన్సు అని. అలా అనుకోవడంలో ఆమె తప్పు కూడా లేదు. డైరెక్టరు బ్యాంకాయన్ని వెంటబెట్టుకుని ఒకే జీపులో దిగాడు. ఒకే టెంటు కింద కూర్చున్నారు. మేం వేలిముద్రలు, సంతకాలు వేశాం. ఒక్క నోటు కూడా మా చేతిలోకి రాలేదు, మా చేతిలోంచి పోలేదు. మా పేటలో డబ్బు అలా నడిచేది ఒక్క అడ్వాన్సులోనే. పైగా పనికూడా మేమే ఇస్తామన్నాడు. షావుకారు మాట కాక ఏమిటది?

"అమ్మా, డబ్బు ఇచ్చింది బ్యాంకు. కాలేజీ వేరు, బ్యాంకు వేరు."

"ఏటి ఏరు? ఒక్క జీపులో ఒచ్చినారు. నాకు సెప్పకు. రేపు ఆల కాలేజీలో మీటింగుందని మైకులో సెప్పినారు. రేపే ఎల్దాం."

"వెళ్ళి?"

"గంప దించుదాం."

తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరదీసింది. వద్దంటే వినదు, ఒక్కదాన్నే పంపితే ఏం చేస్తుందోనని నేనూ వెళ్ళాను. దారంతా బుజ్జగించి చూశాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో గంప. చేపలు లేవు గానీ, ఇరవయ్యేళ్ళ చేపల వాసన దానికుంది. అందులో కొత్త తువ్వాలు పరిచి, తువ్వాలు మీద నా డిగ్రీ సర్టిఫికెట్టు పెట్టి, పైన ఇంకో తువ్వాలు కప్పింది. పక్కసీటు బాబు ముక్కు మూసుకున్నాడు.

కాలేజీ ఊరి చివర, అద్దాల బిల్డింగు. ఆ రోజు కొత్త పిల్లల తల్లిదండ్రులకు మీటింగు. బ్యానరు కింద నుంచి జనం లోపలికి వెళ్తున్నారు. పొలాల వాళ్ళు, వేటవాళ్ళు, చిన్న కొట్ల వాళ్ళు. పిల్లల జుట్లకు నూనె రాసి దువ్వి తీసుకొచ్చారు. అమ్మ తిన్నగా వెళ్ళి అద్దాల తలుపుకు సరిగ్గా ఎదురుగా గంప దించింది. పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కూకో," అంది నన్ను.

"నేను కూర్చోను."

"సరుకు నిలబడతాదేటే? కూకో!"

కూర్చున్నాను. ఇప్పటికీ చెప్తున్నాను, నా జన్మలో అంత సిగ్గుపడలేదు. నాకు పాఠాలు చెప్పిన మేడమ్ ఒకావిడ మమ్మల్ని దాటుకుని లోపలికెళ్తూ, నన్ను గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ఫోను చూసుకుంది.

వాచ్‌మన్ వచ్చాడు. కదలలేదు. ఆఫీసు గుమస్తా వచ్చాడు. కదలలేదు. చివరికి డైరెక్టరే వచ్చాడు, తెల్ల చొక్కా, నుదుటిన చందనం.

"ఏమిటి మావుసీ ఇది? చేపలు ఇక్కడ అమ్మకూడదు," అన్నాడు ఒరియాలో.

అమ్మ పైతువ్వాలు తీసింది. లోపల నా సర్టిఫికెట్టు, దాని మీద ఆయన సంతకం. డైరెక్టరు వెనక్కి అడుగేశాడు. చచ్చిన పామును చూసినట్టు చూశాడు.

"చేపలు కావు బాబూ," అంది అమ్మ ఒరియాలోనే, అందరికీ వినబడేటట్టు. "ఇదిగో మీ సరుకు. అడ్వాన్సు పెట్టి పెంచారు కదా. తయారైంది. ఎత్తుకోండి."

లోపలికెళ్ళాల్సిన వాళ్ళు ఆగిపోయారు. ఎవరో ఫోను తీసి వీడియో పట్టడం మొదలెట్టారు. "ఏమైంది?" అని ఒకావిడ అడిగింది. "చదివించారు, పని ఇవ్వలేదు," అంది అమ్మ. అంతే, ఇంకో ముక్క లేదు. గంప దించినప్పుడు ఎక్కువ మాట్లాడకూడదు.

డైరెక్టరు మొహం మొదట ఎర్రబడింది, తర్వాత ఆ ఫోను చూసి తెల్లబడింది. నా పేరడిగాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"తెలుగు, ఒరియా రెండూ బాగా వచ్చా?"

"వచ్చండి."

"వేటపేటల వాళ్ళతో మాట్లాడగలవు కదా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "నేనూ వాళ్ళమ్మాయినే కదండీ."

"సోమవారం నుంచి రా. అడ్మిషన్ల టేబుల్ దగ్గర. నెలకు పన్నెండువేలు." జేబులోంచి పర్సు తీశాడు, మళ్ళీ పెట్టేసి గుమస్తాను పిలిచాడు. "ఈమెకు ఒక నెల జీతం అడ్వాన్సు ఇప్పించండి. ముందు ఆ గంప తియ్యమనండి."

అమ్మ అసలు ఆశ్చర్యపోలేదు. ఒక నెల జీతం అడ్వాన్సు అని వినగానే, చూశావా అన్నట్టు నావైపు చూసి, గంప చంకనెత్తుకుని లేచింది.

"సెప్పినానా లేదా? ఎవుడైనా అంతే. గుమ్మంలో దించితే ఎత్తాలా."

ఆ సోమవారం రాకముందే అయిదో తారీఖు వచ్చింది, కిస్తీ ఆ డబ్బులోంచే కట్టాను. పోతయ్య వచ్చి, నా కిస్తీ సంగతి విని, బోటు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అయ్య ఆ రోజు వలను కొత్త మనిషిలా భుజానేసుకున్నాడు. ఇంక అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. సోనేపూర్ నుంచి చమఖండి దాకా, అంగట్లో ఎవరు దొరికితే వాళ్ళకు, డైరెక్టరు చేత సరుకెత్తించిన కథ చెప్పుకొచ్చింది. చెప్పినప్పుడల్లా ఆ చందనం బొట్టు కొంచెం పెద్దదయ్యేది.

సోమవారం పొద్దున నన్ను ఏసీ హాల్లో కూర్చోబెట్టారు. మెత్తని చక్రాల కుర్చీ, ముందు గాజు బల్ల. గుమస్తా పక్కన నిలబడి నా పని చెప్పాడు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టాలి. మంచినీళ్ళివ్వాలి. వాళ్ళ భాషలో మాట్లాడాలి. చదివితే ఎంతొస్తుందని అడిగితే, మొదట్లోనే నెలకు పాతికవేలని చెప్పాలి.

"ఎవరికొస్తోందండీ పాతికవేలు?" అన్నాను.

"విదేశాల్లో," అన్నాడు.

"వాళ్ళు విదేశాల గురించి అడగట్లేదు కదా."

"నీ జీతం పన్నెండువేలని చెప్పకు," అన్నాడు నాకేసి జాలిగా చూసి. "నువ్వు కుర్చీలో కూర్చున్నావు. అది చాలు. వాళ్ళు అదే చూస్తారు."

అప్పుడు తెలిసింది నన్నెందుకు ఎత్తుకున్నారో. నన్ను ఎత్తలేదు వీళ్ళు, ఎరగా వేశారు. లేచిపోదామంటే ఒక నెల జీతం ముందే తీసుకున్నాను, కిస్తీకీ ఇంటికీ ఖర్చయిపోయింది. వచ్చే నెల అయిదో తారీఖు మళ్ళీ వస్తుంది. అది ఎవరి కోసమూ ఆగదు.

తలుపు తెరుచుకుంది. నా మొదటి బేరం లోపలికొచ్చింది. అమ్మ!

అమ్మ వెనక మా పిన్ని వరహాలమ్మ, పిన్ని వెనక ఆమె కూతురు ముత్యాలు. చమఖండి నుంచి తెల్లారుఝామునే బయల్దేరినట్టున్నారు, పిన్ని చీరకు ఇంకా ఇసకుంది. ముత్యాలు ఇంటర్ పాసై నెలైంది. నన్నూ నా కుర్చీనీ చూసి దాని కళ్ళు మెరిశాయి.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"సూసినావా వరాలూ?" అంది అమ్మ. "సెప్తే నమ్మవు. సల్లగ ఎలాగ కూకుందో సూడు."

"సూసినానప్పా," అంది పిన్ని అక్కతో. గాజు బల్లను వేలితో తాకి చూసింది. "మా ముత్యాలుక్కూడా నీ సదువే సీతాలూ. కాయితాలు తే, ఏలేసేస్తాను. అవతల బస్సెలిపోద్ది."

నేను హాలంతా చూశాను. గుమస్తా దూరంగా ఇంకో టేబుల్ దగ్గరున్నాడు. గొంతు తగ్గించి చెప్పాను.

"వద్దు పిన్నీ. ఇది చదివితే వచ్చేది ఏడున్నరవేలు. కిస్తీ అంతకంటే ఎక్కువ. నేను బరంపురమంతా అడిగొచ్చి చెప్తున్నాను."

పిన్ని నవ్వింది. నిజంగా నవ్వింది. "ఏడున్నరకి ఇలాటి కుర్సీ ఇస్తారేటే? నీ పిన్ని కూతురు నీలాగ అయిపోద్దనా భయం?"

"ముత్యాలూ, నువ్వైనా విను!"

ముత్యాలు మూతి ముడుచుకుంది. "అక్కా, నువ్వు సదివేసి నన్నొద్దంటావేటి?"

ఇంతలో గుమస్తా ఇటు చూశాడు. నేను తప్పనిసరై కాయితాల కట్ట బల్ల మీద పెట్టాను. కళ్ళెదుట పిన్ని ఇల్లు కనిపించింది, రేకుల ఇల్లు, దాని మీద నాలుగు లక్షలు, ఆ పైన చదువుకునే వడ్డీ.

"పిన్నీ, నాతో చదివినవాళ్ళం నలభై మందిమి. ఈ కుర్చీ ఒక్కటే. నాకూ చదివి రాలేదిది. అమ్మ గంప దించితే వచ్చింది."

"అయితే ఏటయినాది?" అంది పిన్ని, ఏమీ జరగనట్టు. "మేఁవూ దించుతాం. మా గంప లేదేటి?"

అమ్మ కూడా అవునన్నట్టు తలాడిస్తోంది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు కలిసి నలభై గంపలు దించేటట్టున్నారు. పిన్ని బొటనవేలు సిరా పెట్టె మీద అద్దింది.

"ఉండవే వరాలూ," అంది అమ్మ. పిన్ని వేలు గాల్లో ఆగింది. "సీతాలూ, ఏలేసే ముందల ఓ మాటు సదివి సెప్పు. మనదప్పుడు ఎవుడూ సదివి సెప్పలేదు. అడ్వాన్సు ఎవుడిస్తన్నాడని రాసుంది?"

చదివాను. "బ్యాంకు ఇస్తుంది."

"ఎవుడికి?"

"కాలేజీకి. తిన్నగా కాలేజీకే పోతుంది."

"కట్టేదెవుడు?"

"ముత్యాలూ, పిన్నీ."

"మరి కాలేజీ ఏటిస్తాది?"

"ఏమీ ఇవ్వదు."

అమ్మ బల్ల మీద చెయ్యి ఆనించింది. "నీ కాయితం మీదా ఇలాగేనా ఉన్నాది?"

"అచ్చం ఇలాగే."

"అయితే…" అమ్మ మాట కోసం తడుముకుంది. "అయితే అడ్వాన్సు ఇచ్చినోలం మనమా? తీసుకున్నోడు ఆడా?"

"అవునమ్మా. మన పేరున తెచ్చి, ఆయనకిచ్చాం."

అమ్మ మొహం చూడలేకపోయాను. తుఫాను రాత్రి రేకులెగిరిపోయినప్పుడు కూడా ఆమె మొహం అలా అవలేదు.

"ఇచ్చినదాన్నయ్యుండి… ఆడి గుమ్మంలో నానెల్లి కూకున్నానా? మన సేప ఎత్తుకో బాబూ అని? ఆడి కాడ మన అడ్వాన్సుండగా?" గుండె మీద గుప్పిటతో కొట్టుకుంది. "అది ఊరంతా సెప్పుకున్నానేటే! దీన్ని పట్టుకొచ్చింది నానేనేటే!"

గుమస్తా లేచి నిలబడ్డాడు. హాల్లో అందరూ ఇటు చూశారు. పిన్ని సిరా అంటిన వేలు అలాగే ఎత్తి పట్టుకుని, అమ్మనూ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. నేను చెప్తే నవ్విన మనిషి, అమ్మ మొహం చూసి నవ్వలేదు.

అమ్మ ఆ వేలు పట్టుకుంది. తన కొంగుతో సిరా తుడిచింది, గట్టిగా, చర్మం ఎర్రబడేదాకా.

"లెగు వరాలూ. ముత్యాలూ, పద."

నేనూ లేచాను. ఆ క్షణాన లేవకుండా ఎలా ఉంటాను? కుర్చీ చక్రాలు వెనక్కి జారాయి. అమ్మ నా భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది.

"నువ్వు కూకో," అంది.

"అమ్మా!"

"నీకు కిస్తీ ఉంది. మీ అయ్య బోటుంది. ఆడిచ్చే పన్నెండు ఆడిది కాదు, మనదే. మన అడ్వాన్సు మనకి కక్కుతన్నాడు. కక్కనీ. నువ్వు ఇక్కడ కూకో." చెంగు నడుముకు దోపుకుంది. "నాను బయట కూకుంటాను."

ఆ మాటకు కూర్చుండిపోయాను.

అద్దంలోంచి కనబడుతూనే ఉంది. ముత్యాలు ఏడుస్తోంది. పిన్ని దాన్ని చెట్టు నీడకు తీసుకెళ్ళింది. అమ్మ వాచ్‌మన్ గదిలో వదిలిన గంప తెచ్చుకుని, మొన్న కూర్చున్న చోటే, సరిగ్గా తలుపు ఎదురుగా దించింది. ఈసారి మొహం లోపలికి పెట్టలేదు. రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

ఆటో దిగి ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి రాబోయింది. అమ్మ ఆమె చీర చెంగు పట్టుకుని ఆపింది. ఏదో అంది. ఏమందో నాకు వినపడలేదు గానీ, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నచోటే ఆగిపోయింది.